పదిహేను టన్నుల నిబ్బరం

ఆదిబాబు హిందీ మాట్లాడే ఆదిత్యపూర్‌లో స్థిరపడ్డ తెలుగువాడు, అక్కడ ఇనుము కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగ్ యూనిట్‌లో క్రేన్ ఆపరేటర్. షెడ్డు పైకప్పుకి కాస్త కింద, నేలకి ముప్పై అడుగుల ఎత్తున వేలాడే అద్దాల గది అతని చోటు. పద్ధెనిమిదేళ్లుగా అక్కడ కూర్చుని ఇనప దిమ్మల్ని ఎత్తి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకెళ్లి, ఉయ్యాల్లో పిల్లని పడుకోబెట్టినంత మెత్తగా దింపుతున్నాడు. కింద నిలబడి చేతి సైగలతో అతన్ని నడిపించే ఖలాసీ పేరు తోమాస్. వాళ్లిద్దరూ ఒకే షిఫ్టులో ఉన్న రోజున సూపర్‌వైజరు నిశ్చింతగా టీకి వెళ్లేవాడు. ఆదిబాబు ఒంట్లో ఉన్నవి నరాలు కావు, స్టీలు తీగలని యూనిట్‌లో అందరూ అనుకునేవారు.

అలాంటి మనిషి నవంబరు మొదటి ఆదివారం పొద్దున, పర్సుడీహ్‌లోని తన ఇంట్లో, కూతురు లాప్‌టాప్ మీద ఒక బటన్ నొక్కుతుంటే చూడలేక కళ్లు మూసుకున్నాడు.

కూతురు ఉజ్వల పన్నెండో తరగతి చదువుతోంది. ఆ పిల్లకి డిజైన్ చదవాలని ఉంది. కుర్చీలు, బస్సు సీట్లు, మిషన్ల పిడులు, ఇలాంటివి మనిషి ఒంటికి సరిపోయేలా ఎలా తయారుచేయాలో నేర్పే చదువు. పుణెలో ఒక విశ్వవిద్యాలయంలో అది బాగుంటుందని తెలుసుకుని, అందరికంటే ముందుగా తీసుకునే మొదటి విడతలోనే దరఖాస్తు పెట్టింది. గడువుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

బటన్ నొక్కే ముందు నాన్నమ్మ నూకమ్మ లాప్‌టాప్ మూత మీద ఇంత కుంకం బొట్టు పెట్టింది. తల్లి శైలజ తన చీర కొంగుతో దాన్ని కొంచెం చిన్నది చేసింది. ఉజ్వల నొక్కింది. తెర మీద పచ్చటి టిక్కు వచ్చింది. లాప్‌టాప్ మూసేసి, "అమ్మా, ఆకలేస్తోంది, ఏముంది?" అంది.

ఆదిబాబు కళ్లు తెరిచాడు. "అయిపోనాదా?"

"హో గయా నాన్నా."

"మరి ఇప్పుడేటి సెయ్యాలి?"

"కుచ్ నహీ. డిసెంబర్ బారా తక్ వెయిట్. సాయంత్రం అయిదుకి రిజల్టు."

"నలభై రోజులు ఉత్తినే కూకోడవేనా?"

"ఉత్తినే," అంది ఉజ్వల ఉప్మా పళ్లెం ముందుకి లాక్కుంటూ. తర్వాత ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించుకుంది. పన్నెండో తారీకు దాకా ఈ ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తకూడదు. శైలజ సరేనంది. ఆమె కద్మాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా భయపడేవాళ్లని కూర్చోబెట్టడమే ఆమె ఉద్యోగం. నూకమ్మ, "నాకేటి, ఆ కాలేజీ పేరే నాకు నోరు తిరగదు" అంది. ఆదిబాబు కూడా ఒట్టేశాడు. అయితే ఉజ్వల కంప్యూటర్లో కొట్టిన పాస్‌వర్డ్ అతను వెనక నిలబడి చూశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పది గంటల టీ వేళకి క్రేన్ దిగి, లాకర్లోంచి ఫోన్ తీసి, విశ్వవిద్యాలయం పేజీ తెరిచాడు. అక్కడ రెండు ముక్కలున్నాయి. అవి పట్టుకుని తోమాస్ దగ్గరికి వెళ్లాడు. తోమాస్ మిషన్ స్కూల్లో చదువుకున్నవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు.

"కంప్లీట్ అని ఉన్నాది. అంటే పని అయిపోయినట్టే గదా?"

"దరఖాస్తు పూర్తిగా అందిందని అర్థం. కింద చూడు. అండర్ రివ్యూ. అంటే ఇంకా చూస్తున్నారు."

"ఎవరు సూత్తన్నారు?"

"అక్కడ కూచున్నోళ్లు."

"ఇప్పుడు? ఈ టయానికి?"

తోమాస్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆదిబాబూ, నిన్న ఆదివారం పంపింది. వాళ్లిప్పుడే తాళం తీసుంటారు, అంతే."

అది ఆదిబాబు మనసులో నాటుకుంది గానీ వేరే రకంగా. తాళం తీశారు కాబట్టి ఇక ఏ నిమిషంలోనైనా చూడొచ్చు. ఆ రోజు నుంచి టీకి ఒకసారి, భోజనానికి ఒకసారి, రెండింటికి షిఫ్టు దిగాక షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని మరోసారి, ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఇంకోసారి ఆ పేజీ తెరిచేవాడు. ఖర్కాయి నది వంతెన మీద నెట్ సరిగ్గా రాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే, వంతెన దాటేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ప్రతిసారీ అవే ముక్కలు. ఇంట్లో చూస్తే ఉజ్వల నిమ్మకి నీరెత్తినట్టు ఉండేది. బడికి వెళ్లేది, వచ్చేది, సాయంత్రం నాలుగింటికి నాన్నమ్మని వెంటబెట్టుకుని ఎక్కడికో వెళ్లి గంట తర్వాత తిరిగొచ్చేది. ఒకసారైనా కంగారు పడదేం? అసలా చదువు మీద ఇష్టం ఉందా లేదా అని ఆదిబాబుకి దిగులు పట్టుకుంది.

నాలుగో వారంలో ఆ పేజీలో ఒక మూల నొక్కితే ఉజ్వల పంపిన కాగితాలన్నీ తెరుచుకుంటాయని కనిపెట్టాడు. అందులో ఒక వ్యాసం ఉంది. యూనిట్ గేటు ఎదుట టీ కొట్టు బెంచీ మీద తోమాస్‌ని కూర్చోబెట్టి, చదివి తెలుగులో చెప్పమన్నాడు.

తోమాస్ గొంతు సవరించుకున్నాడు. "మా నాన్న రోజుకి ఎనిమిది గంటలు ఒక విరిగిన కుర్చీలో కూర్చుంటారు. నడుము నొప్పికి, నా నాలుగో తరగతి స్కూలు బ్యాగు మడతపెట్టి వెనక పెట్టుకుంటారు."

"ఓలమ్మ! ఆ బేగు సంగతి పుణెదాకా సెప్పేసినాదా?"

"విను. ఇరవై టన్నులు ఎత్తే క్రేన్‌ని తయారుచేసినవాళ్లు, దాన్ని నడిపే మనిషికి నడుము ఉంటుందని మరిచిపోయారు. ఆ కుర్చీని నేను మళ్లీ తయారుచేయాలనుకుంటున్నాను." తోమాస్ తెర పైకి జరిపి, ఆఖరి ముక్క చదివాడు. "నేను చూసిన మనుషుల్లో అందరికంటే నిబ్బరమైనవాడు మా నాన్న. బరువు గాల్లో ఉన్నప్పుడు తొందరపడకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

ఆదిబాబు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తోమాస్ అతని కళ్లవైపు చూడకుండా రెండో టీ చెప్పాడు. మిత్రుడి మనసు కరిగిపోయి ఉంటుందని అతని లెక్క. కరిగిన మాట నిజమే. కాని ఆదిబాబు నోరు విప్పి అన్నది వేరు.

"ఇరవై కాదురా. మన క్రేన్ పదిహేను టన్నులు."

"అయితే?"

"అయితే ఏటి? తప్పు లెక్క! రేపు ఆల్లు వచ్చి సూసినారనుకో. క్రేన్ మీద ఇంతింత అచ్చరాలతోటి పదిహేను అని రాసున్నాది. పిల్ల అబద్ధం ఆడినాదని పేరు కొట్టీరా?"

"నీ క్రేన్‌ని చూడ్డానికి పుణె నుంచి వస్తారా?"

"రారని రాసిత్తావా?"

తోమాస్ రాసివ్వలేదు. అక్కడే తప్పయిపోయింది. మర్నాడు భోజనం వేళ ఆదిబాబు ఆ పేజీ అడుగున ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంటే ఒకటి, నాలుగు నొక్కమంటే నాలుగు నొక్కి, పాట విని, మళ్లీ పాట విని, చివరికి ఒక అమ్మాయి గొంతు పట్టుకున్నాడు. తన పేరు సౌజన్య అని, ఏం కావాలని ఆ పిల్ల హిందీలో అడిగింది.

"మేడమ్, క్రేన్ పంద్రా టన్ కా హై. బీస్ కా నహీ."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "సర్, ఆప్ కౌన్?"

ఆదిబాబుకి కంగారులో మాట తడబడి, "మై క్రేన్ హూఁ," అని, తానే క్రేన్ అనేశాడు. తోమాస్ అన్నం నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే లేచి గోడవైపు తిరిగాడు. ఆదిబాబు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "నవ్వకురా! ఇప్పుడేటి సెప్పాలి?" అన్నాడు.

"ఏటి సెప్పాలో నాకు సెప్పండి," అంది ఫోన్లో గొంతు తెలుగులో. "మాది పార్వతీపురం."

ఆ మాటతో ఆదిబాబుకి ప్రాణం లేచొచ్చింది. బ్యాగు, నడుము, కుర్చీ, ఒట్టు, పాస్‌వర్డ్ అన్నీ ఏకరువు పెట్టాడు. సౌజన్య అంతా వింది.

"అయిదు టన్నుల తేడాకి సీటు పోదండీ," అంది.

"తేడా తేడాయే గదమ్మా. మా పనిలో ఇలగ అయిదు టన్నులు ఎక్కువ రాసుకుంటే గొలుసు తెగిపోద్ది. మనుసులు పోతారు."

"సరే నాన్నగారూ, రాసుకున్నాను. పదిహేను. ఇంక మీరు నిమ్మళంగా ఉండండి. పిల్లని కూడా ఉండనివ్వండి."

"పిల్ల ఉన్నాదమ్మా. నాకే కుదరట్లేదు."

ఆ వారమే పనిలో అతనికి మొదటిసారి పొరపాటు జరిగింది. రెండు టన్నుల దిమ్మ గొలుసుకి వేలాడుతోంది. కింద తోమాస్ అరచెయ్యి కిందికి తిప్పి దించమని సైగ చేశాడు. క్రేన్ కదల్లేదు. మళ్లీ చేశాడు. కదల్లేదు. పైన అద్దాల గదిలో ఆదిబాబు ఎటో చూస్తూ కూర్చున్నాడు. రేపు సీటొచ్చాక హాస్టలు దొరక్కపోతే పిల్ల ఎక్కడుంటుందని ఆలోచిస్తున్నాడు. తోమాస్ ఈల వేశాడు. అప్పుడు ఉలిక్కిపడి, మెత్తగానే దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు, సూపర్‌వైజరుకి తెలియను కూడా తెలియలేదు. కాని షిఫ్టు దిగాక తోమాస్ నవ్వకుండా అన్నాడు.

"ఆ పిల్ల రాసిన ఆదిబాబు ఎవరో గాని, ఇవాళ పైన కూచున్నోడు మాత్రం వాడు కాదు."

ఆదిబాబుకి ఆ మాట గుచ్చుకుంది. ఇంటికి పోతూ ఆటోలోనే ఫోన్లో దాచిపెట్టిన పాస్‌వర్డ్ చెరిపేశాడు. ఇక చూడనని తనకి తానే ఒట్టు పెట్టుకున్నాడు. పన్నెండు రోజులు నిలబడ్డాడు. ఆ పన్నెండు రోజుల్లో ఇంట్లో కారుతున్న కుళాయిలన్నీ బాగయ్యాయి, కారనిది కూడా ఒకటి విప్పి బిగించాడు. శైలజ ఏమీ అడక్కుండా అతని టీలో చక్కెర తగ్గించింది.

డిసెంబరు తొమ్మిదో తారీకు మధ్యాహ్నం ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు. ఒక్కసారి చూసి మానేద్దామనుకున్నాడు. పాస్‌వర్డ్ కష్టమైనదేం కాదు, నూకమ్మ పేరు, పక్కన ఆమె పుట్టిన సంవత్సరం. ఆటోలో కూర్చుని కొట్టాడు. తప్పన్నది. తల్లి పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆదిబాబుకి ఆ రోజే తెలిసింది. 'ఓ' ఒకటి పెట్టి, రెండు పెట్టి, కె ఒకటి పెట్టి, రెండు పెట్టి చూశాడు. పుట్టిన ఏడు యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో నూకమ్మకే సరిగ్గా తెలియదు. అయిదోసారికి తెర ఎర్రగా మారిపోయింది. ఖాతాకి తాళం పడిందట. దరఖాస్తుదారు స్వయంగా రాస్తేనే తెరుస్తారట.

రిజల్టుకి మూడు రోజులు.

ఆటో దిగి, రెండు వీధులు ఊరికే చుట్టి, నాలుగు దాటాక ఇల్లు చేరాడు. చెప్పకుండా ఉంటే పన్నెండో తారీకున పిల్ల తెరవబోతుంది, తెరుచుకోదు. చెప్పాలి. ఇంట్లో ఎవరూ లేరు. ఎదురింటి పైడితల్లి గోడమీద నుంచి, "మీ అమ్మా కూతురూ గ్రౌండుకాడున్నారు, రోజూ అక్కడే గదా," అంది, అది అతనికి తెలిసే ఉంటుందన్నట్టు.

రైల్వే క్వార్టర్ల వెనక పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానం ఒకటుంది. ఆదిబాబు వెళ్లేసరికి క్రికెట్ ఆగిపోయి ఉంది. పిల్లలంతా గీత బయట వరసగా నిలబడి చూస్తున్నారు. మైదానం మధ్యలో ఉజ్వల ట్యూషన్‌కి వెళ్లే నీలం రంగు బ్యాటరీ స్కూటీ నెమ్మదిగా కదులుతోంది. దాని మీద, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, నెత్తిన మనవరాలి హెల్మెట్ పెట్టుకుని, అరవై ఏడేళ్ల నూకమ్మ. వెనక సీటు పట్టుకుని ఉజ్వల పరుగెడుతోంది.

"అమ్మా!" అన్నాడు ఆదిబాబు.

నూకమ్మ అతన్ని చూసి బ్రేకు వేసింది. హెల్మెట్ కళ్ల మీదికి జారింది. దాన్ని ఎత్తి, "నువ్వు సూసినావు గదా, శైలజకి సెప్పకు," అంది. ఆటోవాడు ఒకడు కూరగాయల బుట్ట చూసి, తొందరగా ఎక్కు ముసలమ్మా అని కసిరాడట. నెల రోజుల క్రితం. ఆనాటి నుంచి ఆమె ఏ ఆటో ఎక్కలేదు, ఎక్కనని కూడా తేల్చేసింది.

ఆదిబాబుకి ఆమెని కోప్పడే మొహం లేదు. కూతుర్ని పక్కకి పిలిచి చెప్పేశాడు. పాస్‌వర్డ్ దొంగచాటుగా చూసిందీ, రోజూ తెరిచిందీ, తాళం పడిందీ. ఫోన్ కాల్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఉజ్వల మైదానం అంచున తూము గోడ మీద కూర్చుంది. "కిత్నీ బార్?"

"అయిదు మాట్లు తప్పు కొట్టినాను."

"అది కాదు. రోజూ ఎన్నిసార్లు చూశారు?"

"నాలుగు... అయిదు అనుకో."

ఉజ్వల తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆదిబాబు బెంబేలెత్తిపోయాడు. తీరా చూస్తే నవ్వు.

"మై చాలీస్ బార్ దేఖ్తీ థీ, నాన్నా. మొదటి వారం రోజుకి నలభై సార్లు. బాత్రూంలో కూడా ఫోనే. ఒకరోజు క్లాసులో ఫోన్ దొరికిపోయి, టీచర్ గంట సేపు నిలబెట్టింది. అందుకే నాన్నమ్మకి స్కూటీ నేర్పిస్తానన్నాను. రెండు చేతులతోనూ సీటు పట్టుకుని పరుగెడుతుంటే ఫోన్ ఎలా చూస్తాను?"

"అంటే నీకు కంగారు నేదనుకున్నాను..."

"మీకు లేదనుకుని నేను దాచుకున్నాను. వ్యాసంలో అంత రాశాక, మీ ముందు ఎలా భయపడను?"

ఆదిబాబు కూతురి పక్కన కూర్చున్నాడు. నూకమ్మ దూరం నుంచి, "మీ మాటలు అయితే ఒచ్చి పట్టుకోండి, బేటరీ అయిపోద్ది," అని అరిచింది. ఆ సాయంత్రం సీటు పట్టుకుని పరుగెత్తే పని ఆదిబాబుకి పడింది.

ఉజ్వల అక్కడినుంచే మెయిల్ రాసింది. మర్నాడు మధ్యాహ్నానికి జవాబొచ్చింది. ఖాతా తెరిచామని, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని. కింద ఇంకో వాక్యం: మీ నాన్నగారు ఫోన్లో తెలిపిన సవరణ కూడా మీ దరఖాస్తుకి జతచేశాం, క్రేన్ సామర్థ్యం పదిహేను టన్నులు. ఉజ్వల అది మూడుసార్లు చదివి, ఫోన్ తండ్రి ముందు పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. ఆదిబాబు చాలా శ్రద్ధగా ఒక కుళాయి విప్పడం మొదలుపెట్టాడు.

పన్నెండో తారీకు వచ్చింది. ఆదిబాబు రెండింటికి షిఫ్టు దిగి, మూడున్నరకే మైదానంలో ఉన్నాడు. ఇంట్లో కూర్చుంటే గడియారం చూడాలి కాబట్టి ముగ్గురూ అక్కడే అయిదయ్యేదాకా ఉందామని ముందే అనుకున్నారు. నూకమ్మ ఆ రోజు ఊపు మీద ఉంది. మూడు చుట్లు ఎవరూ పట్టుకోకుండా తిరిగింది. క్రికెట్ పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగో చుట్టులో ఆమె మలుపు తిరగలేదు. నేరుగా మైదానం దాటి, గల్లీ దాటి, మార్కెట్ రోడ్డెక్కేసింది.

"అమ్మా, ఆపు!"

"నాన్నమ్మా, బ్రేక్! బ్రేక్!"

తండ్రీ కూతురూ వెనక పరుగు అందుకున్నారు. స్కూటీ గట్టిగా తోలినా సైకిలు కంటే కొంచెం ఎక్కువ పోతుంది, అంతే. ఆ కొంచెమే అందడం లేదు. ఎదురుగా వచ్చే రిక్షావాళ్లు పక్కకి తప్పుకుంటున్నారు. ఆదిబాబు ఊపిరందక, అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించాడు. యూనిట్‌లో అది ఆపమనే సైగ. దాన్ని చూసి ఒక ట్రాఫిక్ పోలీసు కంగారుపడి రెండు వైపులా బళ్లన్నీ ఆపేశాడు. ఖాళీ అయిన రోడ్డు మీద నూకమ్మ రాణిలా సాగిపోయింది.

పర్సుడీహ్ మార్కెట్‌లో, తను రోజూ కూరలు కొనే వరహాలు దుకాణం ముందు, ఎంతో నేర్పుగా ఆగింది. వీళ్లు రొప్పుతూ చేరేసరికి స్కూటీ దిగకుండానే వంకాయలు ఏరుతోంది.

"ఆగమంటే ఆగవేటి?" అన్నాడు ఆదిబాబు.

"ఎందుకాగాల? కూరలు నేవు ఇంట్లో," అంది నూకమ్మ.

వరహాలు నవ్వుతూ నీళ్ల సీసా అందించాడు. ముగ్గురూ తాగారు. శైలజ క్లినిక్ నుంచి ఫోన్ చేసి, "ఏటయింది? చూశారా?" అని అడిగాక గాని ఎవరికీ గుర్తు రాలేదు. అయిదు దాటి ఇరవై అయిదు నిమిషాలైంది.

ఉజ్వల ఫోన్ తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది.

"ఏటి రాసినారు?" అంది నూకమ్మ.

"హా భీ నహీ, నా భీ నహీ. రెండో విడతలో మళ్లీ చూస్తారంట. మార్చి ఇరవైకి చెప్తారంట."

"అవుననరు, కాదనరు! మరి ఇన్నాళ్లూ ఏటి సేసినారు ఆల్లు?"

ఉజ్వల నవ్వబోయింది గాని పెదవి కుదరలేదు. కళ్లు నిండాయి. ఆదిబాబు ఈ క్షణం గురించే నలభై రోజులుగా హడలిపోయాడు. అది తీరా ఎదుటికి వచ్చి నిలబడితే అతని గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అతనికే వింతగా ఉంది. వరహాలు పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని, కూతుర్ని పక్కన కూర్చోమన్నాడు.

"గొలుసు ఊగినప్పుడు కొత్తోడు బ్రేకేసేత్తాడు. అప్పుడింకా ఊగుతాది. అది ఎటు ఊగితే క్రేన్‌ని కూడా అటే తీసుకెల్లాలి. అప్పుడు నెమ్మదిగా అదే ఆగుతాది."

"యానీ? అంటే ఏంటి?" అంది ఉజ్వల ముక్కు తుడుచుకుంటూ.

"యానీ... ఏడుపొస్తే ఏడు. నేనూ ఏడుత్తాను, కావాలంటే. ఈ వరహాలు కూడా ఏడుత్తాడు."

"ఉల్లిపాయలున్నాయి, ఎంతసేపు?" అన్నాడు వరహాలు.

ఈసారి ఉజ్వల నిజంగా నవ్వింది, ఏడుస్తూనే.

అదయ్యాక చలికాలమంతా వాళ్లు ఊరికే కూర్చోలేదు. కొత్తగా చేసిన పని ఏదైనా ఉంటే రెండో విడతకి ముందు పంపవచ్చని విశ్వవిద్యాలయం రాసింది. ఉజ్వల టేపు పెట్టి తండ్రి నడుము, తొడలు, మోచేతులు కొలిచింది. అట్టముక్కలతో ఒక కుర్చీ చేసి, కాదని, ఇంకోటి చేసింది. మూడోది తోమాస్ ఇనప గొట్టాలతో వెల్డింగ్ చేయించాడు. సూపర్‌వైజరు చూస్తానని కూర్చుని పావుగంట లేవలేదు. వాటి ఫోటోలు, కొలతలు పంపాక పిల్ల పరీక్షల చదువులో పడింది. ఆదిబాబు కొత్త పాస్‌వర్డ్ ఏమిటని అడగలేదు.

మార్చి ఇరవయ్యో తారీకు పన్నెండింటికి, పరీక్షల రోజులని ఉజ్వల తన మెయిల్ తెరిచి ఉంచిన శైలజ ఫోన్‌కి మెయిల్ వచ్చింది. ఉజ్వల అప్పుడు బోర్డు పరీక్షలో ఉంది. శైలజ యూనిట్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆదిబాబు సూపర్‌వైజరుని అడిగి ముందుగానే బయటపడి, పరీక్ష కేంద్రం గేటు దగ్గరికి చేరి, ఎండలో మిగతా తల్లిదండ్రుల మధ్య నిలబడ్డాడు.

ఒంటిగంటన్నరకి గేటు తెరిచారు. ఉజ్వల పరీక్ష అట్ట ఊపుకుంటూ వచ్చింది, అతన్ని చూసి కళ్లు చిట్లించింది. "మీరేంటి ఇక్కడ?"

"పరీక్ష ఎలగ రాసినావు?" అన్నాడు ఆదిబాబు.

ఏడో ప్రశ్న సిలబస్‌లో లేదట. అందరూ గోల పెట్టారట. తను మాత్రం మొదట వదిలేసి, చివర్లో తిరిగొచ్చి, పటం వేసి, సగం రాసి, టైమ్ చాలక ఆపేసిందట. ఆ సగానికి మార్కులు వేస్తారా వేయరా? ఆ ప్రశ్న తయారుచేసినవాళ్ల మీద ఆమెకి చాలా కోపం ఉంది. నడుస్తూ, చేతులు తిప్పుతూ, ఆ ప్రశ్నలో ఒక్కొక్క ముక్కా విడదీసి చెబుతూ పోయింది. ఆదిబాబు పక్కనే నడుస్తూ, మధ్యలో అడ్డు రాకుండా, అవునవునంటూ, చివరిదాకా విన్నాడు. ఆమె చెప్పడం పూర్తయి, ఊపిరి తీసుకున్నాక, అప్పుడు పుణెలో సీటు వచ్చిన సంగతి చెప్పాడు.